బొమ్మ రైలు వీడియోలోనూ బొమ్మలాగే ఉంటోంది!

ప్రశ్న: మేడ మీద గదిలో ఎనిమిది అడుగుల బల్ల వేసి, హెచ్‌ఓ స్కేలులో చిన్న స్టేషను, లూప్ లైను అమర్చుకున్నాను. నీలం పెట్టెల ప్యాసింజరు బండిని ఫోనుతో వీడియో తీసి మా అమ్మాయికి పంపితే, "బొమ్మ రైలు బాగుంది నాన్నా" అంది. అచ్చం రైలులా కనిపించాలంటే ఖరీదైన కెమెరా కొనాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కొనకండి. ఆ డబ్బుతో ఇంకో రెండు పెట్టెలు కొనుక్కోండి. తప్పు ఫోనుది కాదు, మీరు దాన్ని పట్టుకున్న ఎత్తుది. హెచ్‌ఓలో ప్రతిదీ అసలులో 87వ వంతు. బల్లకు అర మీటరు పైనుంచి తీశారనుకోండి, ఆ లోకంలో అది 43 మీటర్లు. పద్నాలుగంతస్తుల మేడ ఎక్కి రైలు చూసినట్టు! లైను పక్కన నిలబడ్డ మనిషి కళ్లు మీ బల్ల మీద రెండు సెంటీమీటర్ల ఎత్తులో కూడా ఉండవు. కెమెరా కన్ను ఉన్న మూల కిందికి వచ్చేలా ఫోనును తిప్పి, అగ్గిపెట్టెకు ఆనించి నిలబెట్టండి. బండి వచ్చే చోట ఫోకస్ ముందే లాక్ చేయండి.

అయితే ఇంజనుకు సరిగ్గా ఎదురుగా మాత్రం పెట్టకండి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు; లెక్క ప్రకారం మీ పట్టాల మధ్య 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. హెచ్‌ఓ పట్టాల మధ్య ఉండేది 16.5 మాత్రమే. ఎదురుగా చూస్తే సన్నని కాళ్ల మీద బానపొట్ట పెద్దమనిషి వస్తున్నట్టుంటుంది. పక్క నుంచి తీస్తే ఎవరూ పట్టుకోలేరు.

ఇక వేగం. చాలామంది బండిని ఎలుకలా పరిగెత్తిస్తారు. స్టాప్‌వాచీ అక్కర్లేదు, ఒక సిగ్నల్ స్తంభాన్ని చూస్తూ లెక్కపెట్టండి. నీలం పెట్టె అసలు పొడవు సుమారు 22 మీటర్లు కాబట్టి, సెకనుకు ఒక పెట్టె దాటితే అది గంటకు 80 కిలోమీటర్ల వేగం. స్టేషనులోకి వచ్చేటప్పుడు ఒక్కో పెట్టెకు నాలుగు సెకన్లు ఇవ్వండి. అంత నిదానంగా నడిపితే చక్రాల మురికి బయటపడి బండి ఆగి ఆగి కదులుతుంది. ముందురోజే చక్రాలూ పట్టాలూ తుడుచుకోండి.

తీసే ముందు బల్లను ఒకసారి భూతద్దంతో చూడండి. పట్టాల మీద పడిన తల వెంట్రుక తెర మీద మోకులా కనిపిస్తుంది. ఒకసారి నా వీడియోలో సాయంత్రపు ప్యాసింజరు వెనకాల గోడ మీద బల్లి పాకింది. జానెడు కూడా లేని ఆ బల్లి, లెక్క వేస్తే ఎనిమిది మీటర్ల మొసలి. నాకంటే ముందు మా మనవడే చూశాడు.

బల్ల చెక్క చేసే గుయ్యిమనే మోత వీడియోలో ఉంచకండి. స్టేషనుకు వెళ్లి అసలు చప్పుడు పట్టుకొచ్చి అతికించండి. నేనూ అలాగే అతికించి, విశ్రాంత లోకో పైలట్ అయిన మా పొరుగాయనకు గర్వంగా చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని అడిగిన మొదటి మాట: "పైన కరెంటు తీగ ఉంది, ఇంజను ఆ తీగను అందుకునే పాంటోగ్రాఫ్ ఎత్తింది, మరి ఈ డీజిల్ చప్పుడు ఎక్కడిదండీ?"