ఇస్లామిక్ రాజకీయ ఉద్యమాలన్నీ ఒకే మాట మీద ఉంటాయా?

ఉండవు, షరియా (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) కావాలన్న దగ్గర పెద్దగా పేచీ లేకపోయినా, దాన్ని ఎవరు, ఏ దారిలో అమలు చేయాలన్న దగ్గర అవి చీలిపోతాయి. అసలు చిక్కు సార్వభౌమత్వానిది: శాసనాధికారం దేవుడిదే అయితే, ఓట్లతో గెలిచిన పార్లమెంటుకు మిగిలేదేమిటి? ఈజిప్టులో పుట్టిన ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఉద్యమం ఎన్నికల బాట పట్టింది. అల్ ఖైదా ఆ బాటనే తప్పుపట్టింది. తొలితరం ముస్లింల ఆచరణనే అనుసరించాలనే సలఫీలలో చాలామంది ఏళ్ల తరబడి రాజకీయాలకే దూరంగా ఉన్నారు.

ఈజిప్టునే చూడండి. 2011 ప్రజా తిరుగుబాటు తర్వాత సలఫీలు నూర్ పార్టీ పెట్టి, పార్లమెంటు ఎన్నికల్లో బ్రదర్‌హుడ్ తర్వాతి స్థానం దక్కించుకున్నారు. 2013 జులైలో బ్రదర్‌హుడ్‌కు చెందిన అధ్యక్షుడు మొహమ్మద్ ముర్సీని సైన్యం గద్దె దించినప్పుడు నూర్ పార్టీ, విచిత్రంగా, సైన్యం పక్కన నిలబడింది.

ఇలాంటి తగాదాలన్నీ సున్నీ, షియా గొడవలేనని చాలామంది పొరబడతారు. ఇక్కడ బ్రదర్‌హుడ్, నూర్ పార్టీ రెండూ సున్నీ పక్షాలే.