తాతగారి ట్యూనింగ్, మనవడి ట్యూనింగ్

ప్రశ్న: నాన్నగారు కొన్న 1972 నాటి పెట్రోలు అంబాసిడర్ మా ఇంట్లో ఉన్నది. యాక్సిలరేటర్ వదిలితే ఇంజను స్లోలో నిలబడటం లేదు కనుక ట్యూనింగ్ చేయిస్తే సరిపోతుందని ఆయన అంటున్నారు. ట్యూనింగ్ చేయిస్తే అది వింటేజ్ బండి కాకుండా పోతుందని కాలేజీలో చదివే మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఈ పనికి మీ నాన్నగారి మాట వినండి. అయితే మీ అబ్బాయి భయమూ ఉత్తది కాదు. అతని మనసులో ఉన్న ట్యూనింగ్ వేరు.

ఆ 1489 సీసీ ఇంజనులో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా ప్లగ్గులో రవ్వ పడుతుంది. వాడేకొద్దీ పాయింట్ల మొహాలు కాలి, వాటి నడుమ సందు మారి, దానితో రవ్వ పడే టైమింగ్ తప్పి, చివరకు బండి స్లోలో ఆగిపోతుంది. అందుకే కొన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి మేస్త్రీ పాయింట్లు రుద్ది, ఫీలర్ గేజీతో సందు చూసి, ప్లగ్గులు తుడిచి, వాల్వులను కదిలించే ట్యాపెట్లు సరిచేసి, ఇంజను చప్పుడు వింటూ, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌ను కుదిర్చేవాడు. (చేతికన్నా చెవి పదునుగా ఉన్న మేస్త్రీకే గిరాకీ ఎక్కువ.) దానినే ట్యూనింగ్ అన్నారు.

2000 సంవత్సరం దరిదాపుల్లో కాలుష్య నియమాలు బిగిసి, కొత్త పెట్రోలు కార్లలో కార్బొరేటర్ స్థానంలో ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు ఎంత చల్లాలో, రవ్వ ఎప్పుడు పడాలో కంప్యూటరే చూసుకుంటుంది కనుక మేస్త్రీకి ఆ పని తప్పింది. ఖాళీగా మిగిలిన మాటను కుర్రకారు తీసుకుని, ఆ కంప్యూటర్ లెక్కలు మార్చి పికప్ పెంచడానికి పెట్టుకున్నారు. తాతగారిది కంపెనీ కొలతకు తేవడం, మనవడిది ఆ కొలతను దాటించడం. మీ బండిలో ఆ కంప్యూటరే లేదు. షెడ్డులో కుర్ర మెకానిక్ ఉంటే ట్యూనింగ్ అనకుండా పాయింట్లు, ట్యాపెట్లు, కార్బొరేటర్ చూడమని విడివిడిగా చెప్పండి.

వింటేజ్ మాటా ఇటువంటిదే. బ్రిటన్‌లో 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ వారి లెక్కలో 1930 వరకు తయారైనవే వింటేజ్ కార్లు. ఆ లెక్కన అంబాసిడర్‌కు ఎన్నటికీ ఆ పేరు రాదు. మన కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నియమం మాత్రం తొలి రిజిస్ట్రేషన్ నుండి 50 ఏళ్లు దాటి, షాసీ, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పు లేని సొంత బండిని వింటేజ్ అన్నది. పాయింట్లు రుద్దడం ఆ మార్పుల కిందికి రాదు. పెట్రోలు ఇంజను దించి డీజిల్ ఇంజను ఎక్కిస్తే చిక్కు వస్తుంది.

ఒక్క సంగతి. ఆ నియమం కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకున్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదు. నాన్నగారు ఇప్పటికీ ఆ బండిలోనే నల్లగొండకు వెళ్లివస్తుంటే, దరఖాస్తుకు ముందు ఈ మాట ఆయన చెవిన వేయండి.