వాసన సంగతి తర్వాత, ముందు తడి సంగతి చూడండి

“కార్పెట్ కడిగించాక ఇల్లంతా తాజా వాసన రావాలంటే ఏ ప్రొఫెషనల్ మందు మంచిది?” అని అడిగారు. నల్లగొండలో నాకు టెంట్ హౌస్ ఉంది. పప్పుచారు, పాన్ మరకలు, పసిపిల్లల ఉచ్చ, చెప్పుల బురద, మా కార్పెట్లు చూడని మురికి లేదు. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను: మూత తీసి వాసన చూసి మందు ఎంచుకునేవారికి కార్పెట్ సంగతి ఏమీ తెలియదు.

శ్రావణంలో ఒక పెళ్లి. స్టేజీ మీది కార్పెట్ ఫంక్షన్ హాలువాళ్లదే. ముందురోజు సాయంత్రం వాళ్ల మనుషులు యంత్రం తెచ్చి, గులాబీరంగు మందు కుమ్మరించి, నురగను పైపైన లాగేసి వెళ్లారు. హాలంతా మల్లెల వాసన. మేనేజరు మురిసిపోయాడు. బయట ముసురు, తలుపులన్నీ మూసేశారు. తెల్లవారి పీటల దగ్గరికి వచ్చిన పెళ్లికొడుకు మేనత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “ఏమయ్యా, రాత్రి ఇక్కడ కుక్కలు గాని పడుకున్నాయా?” అని నన్ను నిలదీసింది. అంచు ఎత్తి చూపించాను. అడుగున జనపనార నేత నల్లబడి ఉంది. బొటనవేలితో నొక్కితే నురగతో సహా నీళ్లు ఊరాయి. మల్లెల వాసన కింద ముక్కిపోయిన గోనెసంచి వాసన. దాన్ని చుట్టి బయట పడేసి, మా గోదాములోని పాత ఎర్ర కార్పెట్ పరిచాం. దానికి ఏ వాసనా లేదు. దాని అద్దె ఇంకా రావాల్సే ఉంది, అది వేరే కథ.

తడి ఒకటి రెండు రోజులు నిలిచిందంటే బూజు పట్టినట్టే. మందు పూర్తిగా బయటికి రాకపోతే ఆ జిగురు మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది. పైగా మావి బోరు నీళ్లు. ఫ్లోరైడ్ వల్ల నల్లగొండ నీళ్ల పేరు దేశమంతా తెలుసు గాని, వాటిలోని సున్నం సంగతి బట్టలు ఉతికేవారికే తెలుసు. సబ్బు కలిసిన మందు వేస్తే నురగకు బదులు తెట్టు కడుతుంది. అందుకే సబ్బు లేని, నురగ తక్కువగా వచ్చే మందే కొనండి, చివర ఒట్టి నీళ్లతో మరోసారి కడిగి, ఆ నీళ్లన్నీ యంత్రంతో లాగించండి.

ఉచ్చ వాసనకు మాత్రం ఎంజైములు, అంటే మురికిని విడగొట్టే పదార్థాలు, ఉన్న మందే కావాలి. ఉచ్చలోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలు మామూలు నీళ్లకు సరిగా కరగవు. మందు చల్లగానే తుడిచేయకుండా కాసేపు నాననివ్వాలి. ఉన్ని కార్పెట్ అయితే ఆగండి: కొన్ని ఎంజైములు మాంసకృత్తులను కరిగిస్తాయి, ఉన్ని కూడా మాంసకృత్తే. డబ్బా మీద ఉన్నికి పనికివస్తుందని రాసి ఉంటేనే వాడండి. బ్లీచింగ్ జోలికి అసలు పోవద్దు. పాలమూరు గొల్లకురుమల గొంగడీ ఉన్నిదే, అది ఏ పరిమళమూ లేకుండానే ఏళ్ల తరబడి మన్నింది. వేసవిలో 44 డిగ్రీలు దాటే ఊళ్లలో గోడ నుంచి గోడకు కార్పెట్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

మామూలు వాసనకైతే పొడి కార్పెట్ మీద వంట సోడా చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున వాక్యూమ్‌తో లాగేస్తే చాలు.

మనుషులను పిలిచేటప్పుడు ఎన్ని గంటల్లో ఆరుతుందో అడగండి. దానికి జవాబుగా “మంచి సెంటు వేస్తాం సార్” అన్నారంటే ఫోను పెట్టేసి ఇంకొకరికి చేయండి.