క్లినికల్ ట్రయల్‌లో చేరితే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి వదిలేస్తారా?

ప్రాణం మీదికొచ్చే ఇన్ఫెక్షన్ అయితే అలా వదిలేయరు. దీర్ఘకాలిక నొప్పి ట్రయల్స్‌లో మాత్రం కొందరికి ఉత్తుత్తి మాత్ర, అంటే ప్లాసిబో, ఇవ్వడం మామూలే.

తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్‌కి పనిచేసే యాంటీబయాటిక్ ఉండగా దాన్ని ఆపితే రోగి చనిపోవచ్చు. అందుకే కొత్త మందును పాత మందుతోనే పోలుస్తారు. నయమైనవారి శాతంలో కొత్తది ముందే గీసుకున్న హద్దును (తరచుగా 10 శాతం) దాటి వెనకబడలేదని తేలాలి.

నొప్పి సంగతి వేరు. దాన్ని కొలిచే రక్తపరీక్ష లేదు. 0 నుంచి 10 లోపు రోగి చెప్పే అంకే కొలత. పైగా నొప్పి బాగా ముదిరిన రోజుల్లోనే జనం ట్రయల్‌లో చేరతారు, కొన్ని వారాలకు అది దానంతటదే కొంత దిగుతుంది. నడుంనొప్పి మందు 12 వారాలు వాడాక సగటు స్కోరు 7 నుంచి 5కి దిగిందనుకోండి. బాగానే పనిచేసిందనిపిస్తుంది. అదే వ్యవధిలో ప్లాసిబో వాళ్లది 5.5కి దిగితే? మందు వల్ల తగ్గింది అర పాయింటే. చేరడానికి కనీస స్కోరు ఎంతో రోగికి ముందే తెలిస్తే తొలి అంకె పెంచి చెప్పే ప్రమాదమూ ఉంది, కాబట్టి జాగ్రత్తగా నడిపేవాళ్లు ఆ హద్దు చెప్పరు.

ప్లాసిబో పడితే నొప్పితో అల్లాడాల్సిందేనని చాలామంది పొరపడతారు. భరించలేనప్పుడు వేసుకోవడానికి సాధారణంగా పారాసిటమాల్ లాంటిది ఇస్తారు, ఎన్ని వేసుకున్నారో లెక్క రాస్తారు. ప్లాసిబో రావచ్చన్న మాట సమ్మతి పత్రంలోనే ఉంటుంది. ఎప్పుడైనా బయటికి వచ్చేయొచ్చు.