ట్రైనింగ్ మార్కు ఫారం మీద కాదు, జాయింట్ మీద చూడాలి

ట్రైనింగ్ పనిచేసిందో లేదో తెలియాలంటే ఆఖర్న ఫీడ్‌బ్యాక్ ఫారం, రాతపరీక్ష పెడితే చాలా అని అడిగారు. చాలదు. మహారాష్ట్రలో రాజూరా వైపు ఒక కాంట్రాక్టర్ దగ్గర వెల్డింగ్ పనులు చూసే మనిషిగా చెబుతున్నాను.

మా దగ్గర ట్రైనింగ్ అంటే బ్యానర్, గ్రూప్ ఫొటో, సమోసా, ఆఖర్న ఇంగ్లీషు ఫారం. సిరోంచ నుంచి వచ్చిన మన తెలుగు పిల్లలు, గోండు పిల్లలు, మరాఠీ వాళ్లు, అందరూ పక్కవాడి కాగితం చూసి ‘ఎక్సలెంట్’ మీద టిక్కు పెడతారు. ఆ మార్కు సమోసాకు! నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, ఫలితం కనిపించిందా అని నాలుగు మెట్లు చూడాలని అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే రాశాడు. మనవాళ్లు మొదటి మెట్టు మీదే కూర్చుని రిపోర్టు పంపేస్తారు.

ఒక బ్యాచ్‌లో రాతపరీక్షలో ఫస్టు వచ్చిన కుర్రాడు వెల్డ్ చేసిన ప్లేటు, సగం పేపరు ఖాళీగా వదిలేసిన సిరోంచ కుర్రాడి ప్లేటు పక్కపక్కన పెట్టి, రంగుతో పగుళ్లు పట్టే డై టెస్ట్ చేశాం. ఎర్ర రంగు కొట్టి, కాసేపు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లాం. ఫస్టు వాడి వెల్డ్ చూడ్డానికి ముద్దొస్తోంది. కానీ వాడు వెల్డ్ చివర పడే గుంట నింపకుండానే వెల్డింగ్ రాడ్ లాగేశాడు. అక్కడే తెలుపులోంచి వెంట్రుకంత ఎర్ర గీత పైకొచ్చింది. రెండో ప్లేటు తెల్లగానే ఉంది. ఈ టెస్టుకు పైన ఉన్న పగుళ్లే దొరుకుతాయి, లోపలివి తెలియాలంటే ఎక్స్‌రే లాంటిది తీయాల్సిందే.

వర్షాకాలంలో ఆ సిరోంచ కుర్రాడి జాయింట్లకే ఎక్స్‌రేలో బుడగలు కనబడ్డాయి. ‘మళ్లీ ట్రైనింగ్‌కు పంపండి’ అన్నారు ఆఫీసు నుంచి. వాడేమో, ‘అన్నా, రాడ్లు తడిసినయ్. ఓవెన్ ఎప్పుడో ఖరాబైంది’ అన్నాడు. రాడ్లను వేడిగా, పొడిగా ఉంచే పెట్టె అది. మేం వాడే 7018 రకం రాడ్లకు చెమ్మ తగిలితే ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఏం చేస్తాడు? ఓవెన్ బాగు చేయించాక రిపేర్లు తగ్గాయి. ఓవెన్‌కు ట్రైనింగ్ ఇవ్వలేం కదా!

అందుకే మనిషి పేరుతో పాటు రాడ్ బ్యాచ్, మెషిన్, జాయింట్ ఏ పొజిషన్‌లో (కింద పెట్టా, నిలువుగానా, తలపైనా) చేశాడో కూడా రాయాలి. ట్రైనింగైన కొన్ని నెలలకు ఎన్ని జాయింట్లు రిపేరుకు వచ్చాయో లెక్కతీయాలి. షిఫ్టుకు ఎన్ని జాయింట్లు కొట్టాడన్నది మాత్రం లెక్కపెట్టకండి, గుంటలు నింపకుండా పరుగెడతారు. రాడ్ బ్యాచ్ కాలమ్ పెట్టమని ఎన్నిసార్లు అడిగినా మా ఆఫీసు వాళ్లు షీట్‌లో చోటు లేదంటారు. ఫొటో అతికించే చోటు మాత్రం సగం పేజీ ఉంది.