టెక్ సందేహాలు: ‘ప్లీజ్ వెయిట్’ దగ్గరే ఆగిన పీడీఎఫ్, తెలుగులో డబ్బాలు కొట్టిన ప్రింటు

ప్రశ్న: సర్టిఫికెట్ కోసం వెబ్‌సైట్‌లో ‘డౌన్‌లోడ్’ నొక్కితే ఒక్కోసారి ఏమీ జరగదు. ఒక్కోసారి ఫైలు దిగుతుంది గానీ, తెరిస్తే ‘ఫెయిల్డ్ టు లోడ్ పీడీఎఫ్ డాక్యుమెంట్’ అంటుంది. (బ్రాడీపేట, గుంటూరు)

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఏమీ జరగలేదంటే మొదట పాపప్ బ్లాకర్‌ని అనుమానించాలి. చాలా సైట్లు పత్రాన్ని కొత్త ట్యాబ్‌లో తెరుస్తాయి, క్రోమ్ దాన్ని అడ్డుకుంటుంది. అడ్రస్ బార్ కుడి చివర చిన్న గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కి, ఈ సైటుకి పాపప్‌లు ఎప్పుడూ అనుమతించమని ఎంచుకుని, మళ్లీ డౌన్‌లోడ్ నొక్కండి. పేజీని మాత్రం రిఫ్రెష్ చేయొద్దు. ఫీజు కట్టిన పేజీ అయితే రెండోసారి కోత పడే ప్రమాదం ఉంది.

ఇక తెరుచుకోని ఫైలు. కంట్రోల్, జె కలిపి నొక్కి డౌన్‌లోడ్ల జాబితాలోంచి ఫోల్డర్‌లోకి వెళ్లి సైజు చూడండి. ఒక పేజీ సర్టిఫికెట్ రెండు మూడు కేబీలే ఉందంటే అందులో సర్టిఫికెట్ లేనట్టే. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అసలైన పీడీఎఫ్‌ మొదట్లోనే శాతం గుర్తు, దాన్ని ఆనుకుని పీడీఎఫ్ అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. వాటి బదులు ‘హెచ్‌టీఎంఎల్’ కనిపిస్తే, దిగింది లాగిన్ పేజీయో ఎర్రర్ పేజీయో, పేరు మాత్రం పీడీఎఫ్. మీరు ఓటీపీ కోసం వెతుక్కునేలోపు సెషన్ గడువు తీరిపోతే జరిగేది ఇదే. లాగౌట్ చేసి, మళ్లీ లాగినై, ఆలస్యం లేకుండా దించుకోండి. ఫైళ్లు దించడానికి విడిగా పెట్టుకున్న డౌన్‌లోడ్ మేనేజర్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఆపి చూడండి. ఒక్కసారే పనిచేసే లింకుని అది రెండోసారి అడిగి పాడుచేస్తుంటుంది.

ఫైలు తెరుచుకుని ‘ప్లీజ్ వెయిట్’ అన్న మాట దగ్గరే ఆగిపోతే, ఎంతసేపు కూర్చున్నా లాభం లేదు. నెట్ స్లో అయ్యి కాదు, అది అడోబీ ప్రత్యేక ఫారం. కంప్యూటర్‌లో అడోబీ రీడర్‌తో తెరవాలి. ఫోన్ యాప్‌లతో కుస్తీ పట్టొద్దు.

ప్రశ్న: నాది జిరాక్స్ షాపు. ఈ-ఆధార్ ప్రింట్ తీస్తే సంతకం మీద పసుపు రంగు ప్రశ్నార్థకం వస్తోంది. అది చూసి బ్యాంకులో తిప్పి పంపారని కస్టమర్లు గొడవ. (గవర్నర్‌పేట, విజయవాడ)

‘వ్యాలిడిటీ అన్‌నోన్’ అంటే ఆధార్ దొంగదని కాదు. ఆ సంతకం జారీ చేసిన సంస్థని మీ కంప్యూటర్ ఇంకా గుర్తుపట్టలేదు, అంతే. క్రోమ్‌లో దీన్ని సరిచేయలేం, అడోబీ రీడర్‌లో తెరవండి. నెట్ ఆన్‌లో ఉండాలి. సంతకం మీద రైట్ క్లిక్ చేసి ‘వ్యాలిడేట్ సిగ్నేచర్’, ఆపై ‘సిగ్నేచర్ ప్రాపర్టీస్’, ‘షో సైనర్స్ సర్టిఫికెట్’. అందులో ‘ట్రస్ట్’ ట్యాబ్‌లోకి వెళ్లి ‘యాడ్ టు ట్రస్టెడ్ ఐడెంటిటీస్’ నొక్కి, ‘ట్రస్టెడ్ రూట్’ దగ్గర టిక్ పెట్టి ఓకే. తిరిగి వ్యాలిడేట్ చేస్తే ఆకుపచ్చ టిక్ వస్తుంది. ఒక కంప్యూటర్‌లో ఒకసారి చేస్తే, ఆ సర్టిఫికెట్ మారేదాకా మళ్లీ అడగదు.

అయితే ఇదంతా ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ సైటు నుంచి మీ కళ్లముందు దించిన ఫైలుకే చేయండి. ఎవరో వాట్సాప్‌లో పంపినదానికి ‘ట్రస్ట్’ కొడితే దొంగ సంతకానికి కూడా ఆకుపచ్చ టిక్ వస్తుంది.

పాస్‌వర్డ్ దగ్గర కూడా తికమక ఎక్కువే: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కనే పుట్టిన సంవత్సరం. మనవాళ్లకి ఇంటిపేరు ముందుంటుంది కదా, ఆధార్‌లో పేరు ఎలా మొదలైతే అలాగే కొట్టాలి. ఖాళీ లెక్కలోకి రాదు, చుక్క వస్తుంది. 1990లో పుట్టిన ‘పి. కుమార్’ అయితే పి, చుక్క, కె, యు, 1990. ఇక పాస్‌వర్డ్ బాధ పడలేక ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’తో కాపీ చేసుకుంటారు కొందరు. పాస్‌వర్డ్‌తోపాటు డిజిటల్ సంతకమూ పోతుంది. అసలు ఫైలు విడిగా ఉంచుకోండి.

ప్రశ్న: స్క్రీన్ మీద తెలుగు బాగానే ఉంది, ప్రింట్‌లో వత్తులు విడిపోయి డబ్బాలు వస్తున్నాయి. హాల్‌టికెట్ అంచు కూడా తెగుతోంది. (అరండల్‌పేట, గుంటూరు)

ప్రింటర్ డ్రైవర్ ఆ ఫాంట్‌ని సరిగా అందుకోలేక చేసే పని ఇది. అడోబీ రీడర్‌లో ప్రింట్ నొక్కాక, ప్రింటర్ పేరు పక్కన ‘అడ్వాన్స్‌డ్’ ఉంటుంది. అందులో ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ టిక్ చేసి 300 డీపీఐ పెట్టండి. పేజీ బొమ్మలా వెళ్తుంది, కాస్త నెమ్మదిగా వస్తుంది, అక్షరం మాత్రం చెదరదు.

అంచు తెగడానికి కారణం ఎక్కువగా ‘లెటర్’ అనే కాగితం సైజు. లెటర్ 216 మిల్లీమీటర్ల వెడల్పు, ట్రేలో ఉన్న ఏ4 210. ఆ 6 మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? ప్రింటర్ ప్రాపర్టీస్‌లోనూ, ప్రింట్ విండోలోనూ ఏ4 పెట్టి, ‘ఫిట్’ ఎంచుకోండి. కత్తిరించి లామినేషన్ చేయించే కార్డులకి మాత్రం ‘యాక్చువల్ సైజ్’ ఉండాలి, లేకపోతే పర్సులో పట్టే కొలత రాదు.

ప్రశ్న: ఫోన్‌లోంచి షాపుకి ఎలా పంపాలి? (పటమట, విజయవాడ)

‘డాక్యుమెంట్’గా పంపండి. స్క్రీన్‌షాట్ తీసి ఫొటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, చిన్న అక్షరాలు మసకబారతాయి. ఆధార్ అయితే, అవతలివాళ్లు పూర్తి నంబరు అడగనప్పుడు చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. ప్రింట్ చేతికొచ్చాక ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్‌లోంచీ, రీసైకిల్ బిన్‌లోంచీ కూడా తీయించండి.