కాలేయంలో చిన్న గడ్డకు ఏ చికిత్స మేలు? ముందు అది ఎక్కడ ఉందో అడగండి

మీ అమ్మగారి కాలేయంలో 2.5 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఒకటే ఉందనీ, సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) వల్ల ఆపరేషన్ వద్దన్నారనీ, సూదితో గడ్డను కాల్చే ఆర్‌ఎఫ్‌ఏ, మైక్రోవేవ్, గడ్డకు రక్తం అందకుండా చేసే టేస్, రేడియేషన్‌లలో ఏది మేలనీ అడిగారు. నేను డాక్టరును కాను. హెపటైటిస్-బి వల్ల కాలేయం దెబ్బతిన్న మా నాన్నగారికి వీటిలో రెండు చేయించాం. ఆ అనుభవంతో చెబుతున్నాను. చికిత్స పేరు తర్వాత, ముందు గడ్డ కాలేయంలో ఎక్కడ ఉందో, దేన్ని ఆనుకొని ఉందో అడగండి.

మేము ఆ మాట అడగలేదు. మూడు సెంటీమీటర్ల లోపు గడ్డకు ఆర్‌ఎఫ్‌ఏ బాగా పనిచేస్తుందని తెలిసి వెంటనే ఒప్పుకున్నాం. స్కాన్‌లో చూస్తూ సన్నని సూదిని గడ్డలోకి దించి, విద్యుత్తుతో పుట్టే వేడితో దాన్ని కాల్చేస్తారు. నాన్నగారు మర్నాడే ఇంటికి వచ్చారు. రెండు మూడు రోజులు జ్వరం, కుడి డొక్కలో నొప్పి ఉన్నాయి, అంతే. నెల తర్వాత తీసిన సీటీ స్కాన్‌లో మాత్రం ఒక అంచున కొంత భాగం ఇంకా బతికే ఉందని తేలింది. సరిగ్గా అక్కడే పెద్ద రక్తనాళం ఉంది. నాళంలో పారే రక్తం సూది వేడిని ఎప్పటికప్పుడు లాక్కుపోతుందని, అందుకే ఆ వైపు పూర్తిగా కాలలేదని రేడియాలజిస్టు బొమ్మ గీసి చూపించారు. నాన్నగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

మిగిలిన అంచును మైక్రోవేవ్‌తో కాల్చారు. అది తక్కువ సమయంలో ఎక్కువ వేడి పుట్టిస్తుంది కాబట్టి రక్తప్రవాహం దాన్ని అంతగా చల్లార్చలేదు. అలాగని ప్రతి ఒక్కరికీ మైక్రోవేవే గొప్పదని అనుకోకండి. పెద్ద నాళాలకు దూరంగా ఉన్న చిన్న గడ్డకు రెండూ దాదాపు ఒకే ఫలితం ఇస్తాయి. అక్కడ యంత్రం కంటే సూది దించే చేతి అనుభవం ముఖ్యం. గడ్డ పిత్తనాళాన్నో పేగునో ఆనుకొని ఉంటే ఏ వేడైనా ప్రమాదమే. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డలకు ఆల్కహాల్ ఇంజెక్షన్ అనే పాత పద్ధతి ఇలాంటి చోట ఇప్పటికీ పనికొస్తుంది.

టేస్ తీరు వేరు. కాలేయానికి ఎక్కువ రక్తం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా అందుతుంది, గడ్డ మాత్రం ధమని మీద బతుకుతుంది. గజ్జలోంచో మణికట్టులోంచో సన్నని గొట్టం పంపి, గడ్డను పోషించే ధమనిలోకి మందు ఎక్కించి దాన్ని మూసేస్తారు. సూది అందే ఒక్క చిన్న గడ్డకు సాధారణంగా ముందు కాల్చడమే చూస్తారు. సూది అందనప్పుడో, గడ్డలు ఎక్కువగా ఉన్నప్పుడో టేస్ వైపు వెళతారు. కామెర్లు, పొట్టలో నీరు ఉంటే టేస్ కాలేయాన్ని ఇంకా కుంగదీయవచ్చు. ధమని గుండానే రేడియోధార్మిక పూసలు పంపే వై-90 కూడా ఉంది, ఖర్చు చాలా ఎక్కువ. సూది దించడానికి వీల్లేని చోట, కొద్ది విడతల్లో గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ గురించి తప్పక అడగండి.

కాలేయ మార్పిడికి అమ్మగారు అర్హులా అన్నది కూడా ఇప్పుడే అడగండి. గడ్డ కాలినా సిర్రోసిస్ అలాగే ఉంటుంది, కొత్త గడ్డలు పుట్టే నేల అదే. మా నాన్నగారికి 14 నెలలకు మరోచోట 1.2 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. మూడు నెలలకోసారి స్కాన్ మానలేదు కాబట్టే అంత చిన్నగా ఉండగా దొరికింది, దాన్నీ మైక్రోవేవ్‌తోనే కాల్చారు. హెపటైటిస్-బి మాత్ర ఒక్కరోజు కూడా ఆపనివ్వడం లేదు.

అమ్మగారి రిపోర్టులో సెగ్మెంట్ అన్న మాట పక్కన 1 నుంచి 8 వరకు ఏదో ఒక అంకె ఉంటుంది, గడ్డ కాలేయంలో ఏ భాగంలో ఉందో చెప్పేది అదే. దాన్నీ, రక్తపరీక్షలోని బిలిరుబిన్, ఆల్బుమిన్, ప్లేట్‌లెట్ల లెక్కలనూ ఒక కాగితం మీద రాసుకొని, స్కాన్ సీడీతో పాటు, సూదితో కాల్చడం, టేస్ రెండూ చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుకు (స్కాన్‌లో చూస్తూ సూదులు, గొట్టాలతో చికిత్స చేసే డాక్టరుకు) చూపించండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి, నాకు తెలిసినంత చెబుతాను.